రోజేషియా ఎరుపుకీ ఈస్ట్రోజెన్‌కీ లింకుందా?

ప్రశ్న: నాకు రోజేషియా (ముఖం ఎర్రబడే దీర్ఘకాలిక చర్మ సమస్య) ఉంది. నెలసరి ముందు బుగ్గల ఎరుపు పెరుగుతోంది, సన్నటి రక్తనాళాలు కూడా పైకి కనిపిస్తున్నాయి. హార్మోన్ల వల్లేనా, నా ఊహా?

నిశి: ఊహే అనుకోనక్కర్లేదండీ. రక్తనాళాల లోపలి పొరలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్లుంటాయి, ఆ హార్మోన్ వాటికి అతుక్కుంటే నాళాలు వెడల్పవుతాయి, కొత్త నాళాలు మొలిపించే వీఈజీఎఫ్ ప్రోటీన్ కూడా పెరగొచ్చు, రోజేషియా చర్మంలో ఆ ప్రోటీన్ ఎలాగూ ఎక్కువే. అయినా ఈస్ట్రోజెనే కారణమని తేల్చేయడం తొందరపాటు.

కల్యాణి: అవును, మగవాళ్లకీ వస్తుందిగా! ముక్కు ఉబ్బే రకం వాళ్లలోనే ఎక్కువ. ఎండ, వేడి సంగతీ చూసుకోండి.

రమ్య: రక్తనాళాల్ని కాసేపు బిగించే బ్రిమోనిడిన్ జెల్‌తో ఎరుపు కొన్ని గంటలు తగ్గుతుంది, అంతే. పైకి తేలిన నాళాలకు లేజరే మేలు. హార్మోన్ మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఆపేయకండి.