కల్యాణి డ్యామ్‌కు టర్బైన్ పెడితే లాభమా, ఉత్త ఆర్భాటమా?

చంద్రగిరి కుర్రోడు:
డ్యామ్ నిండిందంటే చాలు, బండ్లేసుకుని పోయి సెల్ఫీలు దిగి వస్తాం. ఆ నీళ్లలో కరెంటు ఉందని ఒక్కరికీ తట్టదు. 2021 నవంబరు వానలకు తిరుపతి పక్కన రంగంపేట దగ్గర కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తితే స్వర్ణముఖి ఎట్లా పారిందో మనమంతా చూశాం. అదంతా ఊరికే కిందికి పోయింది. డ్యామ్ ఎప్పుడో కట్టేశారు, కొత్తగా ముంపు లేదు, ఊళ్లు ఖాళీ చేయించే పని లేదు. ఒక చిన్న టర్బైన్ బిగిస్తే చుట్టుపక్కల పల్లెల మోటార్లకైనా కరెంటు రాదా? 25 మెగావాట్ల లోపు ఉంటే చిన్న జలవిద్యుత్ అని మన దేశంలో వేరే కోవలో పెట్టారు కూడా. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో చెప్పండి.

సబ్‌స్టేషన్ తాత:
నాయనా, నీ ఉత్సాహం మంచిదే గానీ ముందు ఒక కాగితం, పెన్ను తెచ్చుకో. ముప్పై ఏళ్లు కరెంటు పనిలోనే ఉన్నవాణ్ణి, కాబట్టి కాస్త విసుగు లేకుండా చదువు.

నీటి కరెంటుకు కావలసినవి రెండే: ఎంత నీరు, ఎంత ఎత్తు నుంచి. సెకనుకు వెయ్యి లీటర్లు, అంటే సుమారు 35 క్యూసెక్కులు, 20 మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నాయనుకుందాం. ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె, డ్యామ్ కొలత కాదు. టర్బైన్, జనరేటర్ తినేది పోగా చేతికొచ్చేది 157 కిలోవాట్లు. అయిదు హార్స్‌పవర్ మోటార్లు ముప్పై అయిదో నలభయ్యో తిరుగుతాయి. బాగానే ఉంది కదా అంటావు. కానీ ఆ లెక్కన వదిలితే ఒక టీఎంసీ నీళ్లు పదకొండు నెలల్లో అయిపోతాయి. కల్యాణి పట్టేదే టీఎంసీ లోపు. పైగా మట్టం దిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది.

టీఎంసీ మొత్తం అట్లా దూకించినా వచ్చేది 12 లక్షల యూనిట్ల చిల్లర. మన ఎండకు ఒక మెగావాట్ సోలార్, అయిదెకరాల్లో, ఏడాదికి 15 లక్షల దాకా ఇస్తుంది. దానికి వాన అక్కర్లేదు, గేటు అక్కర్లేదు.

చంద్రగిరి కుర్రోడు:
తాతా, లెక్క ఒప్పుకున్నా. కానీ రాత్రి పూట సోలార్ రాదు కదా? ఇంకోటి, మన కుప్పం పక్కనున్న కేజీఎఫ్ గనులకు 1902లోనే కర్ణాటకలోని శివనసముద్రం జలపాతం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి నీటి కరెంటు తెచ్చారు. వందేళ్లు దాటినాక మనం పక్కూరికి ఇవ్వలేమా? డ్యామ్ వద్దంటే తలకోన ఉంది. 270 అడుగుల జలపాతం. ఎత్తుకేం లోటు?

సబ్‌స్టేషన్ తాత:
శివనసముద్రంలో పడేది కావేరి. కల్యాణి వానలొచ్చినప్పుడు మాత్రమే గుర్తొచ్చే ఏరు. ఆ రెంటికీ పోలిక పెడితే కావేరి నవ్వుతుంది.

తలకోన ఎత్తు నిజమే, నీళ్లేవి? ఎండాకాలం సెకనుకు పది లీటర్లు పడ్డాయనుకో, అంత ఎత్తు నుంచి దూకినా ఒక బోరు మోటారుకు సరిపడా వస్తుంది. దానికోసం నేషనల్ పార్కులో పైపులు వేస్తానంటే అటవీ శాఖ వాళ్లు నీకు దండేసి పంపిస్తారు.

కొండ కింద కాపురం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇద్దరూ ఒక మాట మరిచిపోయారు. కల్యాణి నీళ్లు ముందు తాగడానికి. తిరుపతికి, తిరుమలకు. పైకి పోయే నీళ్లు పంపుల మీదే పోతాయి. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్లకు పైన ఉంది. ఎత్తాల్సింది ఆరు వందల మీటర్లే అనుకున్నా వెయ్యి లీటర్లకు రెండు యూనిట్ల పైమాటే. అవే వెయ్యి లీటర్లు తాత చెప్పిన ఇరవై మీటర్లు దూకితే వచ్చేది యూనిట్‌లో ఇరవై మూడో వంతు. దూకించి సంపాదించేది పైసా, ఎక్కించడానికి పెట్టేది దాదాపు అర్ధరూపాయి.

నా మాట వింటే టర్బైన్ కంటే ఇళ్లల్లో కారిపోయే కొళాయిలు కట్టేస్తేనే ఎక్కువ కరెంటు మిగులుతుంది. మా వీధిలోనే ఒకటుంది, నాలుగు నెలలుగా ధార.

ఏటి గట్టు రైతు:
శ్రీకాళహస్తి వైపు, స్వర్ణముఖి పక్కన మా చేను. నాకు లెక్కలు రావు, భయం ఒకటుంది. టర్బైన్ పెట్టినాక నీళ్లు కిందికి వదలాలంటే మనసొప్పదు. ఇంకా ఉండనీ, ఇంకో పది రోజులు కరెంటు వస్తుంది అంటారు. మన వానలు ఎక్కువగా అక్టోబరు నవంబరు తుఫాన్లకే. డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు వాయుగుండం వస్తే ఒక్కసారిగా గేట్లెత్తాలి. కింద ఉండేది మేము.

2021 నవంబరులో కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పదుల మంది పోయారు. ఒక గేటు పనిచేయలేదని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. అదే వారంలో రాయలచెరువు కట్టకు నీళ్లు ఊరుతున్నాయని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ రెండు రాత్రులు మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. మా అమ్మ పాసు పుస్తకాలు కవర్లో చుట్టి చంకలో పెట్టుకుని కూర్చుంది.

వరద నీరు ఊరికే పోయిందని రాశావు తమ్ముడూ. ఊరికే పోలేదు. ఆ ఏడాది మా బోర్లు పైకొచ్చాయి. ఇసుకలో ఇంకిన నీళ్లే మాకు రెండు కార్లు పంట.

చంద్రగిరి కుర్రోడు:
అన్నా, "ఊరికే పోయింది" అన్నది తప్పే. గట్టు మీద నిలబడి చూసినవాడి మాట అది. కానీ ఒకటి అడుగుతా, కోప్పడకు. కరెంటు కోసం కొద్దికొద్దిగా రోజూ వదిలితే మీ ఇసుకలో ఇంకా బాగా ఇంకదా? ఒకేసారి వరదగా వస్తే సముద్రం పాలే కదా ఎక్కువ భాగం?

ఏటి గట్టు రైతు:
అట్లా వదిలితే నేనే వచ్చి కొబ్బరికాయ కొడతా. తాగే నీళ్లకే చాలనప్పుడు ఎవరు వదులుతారు?

సబ్‌స్టేషన్ తాత:
రైతు చెప్పిన గేటు మాట దగ్గర ఆగండి. కరెంటు డ్యామ్ నుంచి తీయడం కాదు, డ్యామ్‌కు ఉండాలి. గేట్లెత్తేవి మోటార్లు. తుఫానులో ముందు పడేది కరెంటు స్తంభమే. చేత్తో తిప్పి ఎత్తొచ్చు గానీ గంటలు పడుతుంది, వరద ఆగదు. 2021 డిసెంబరులో డ్యామ్ భద్రత చట్టం వచ్చింది. 15 మీటర్లు దాటిన డ్యామ్‌కు అత్యవసర ప్రణాళిక ఉండాలని అందులో ఉంది. అడగాల్సింది అది. గేటు గదికి సోలార్, బ్యాటరీ, పక్కన డీజిల్ జనరేటర్. ట్యాంకులో డీజిల్ ఉందో లేదో సెప్టెంబరులో ఎవరు చూస్తారు?

నీకు టర్బైన్ మీదే మనసుంటే, పాత సెంట్రిఫ్యూగల్ పంపును తిరగేసి నడిపితే అదే టర్బైన్ అవుతుంది. కట్ట మీద లైట్లు వెలుగుతాయి. అంతవరకు నాకు అభ్యంతరం లేదు.

చంద్రగిరి కుర్రోడు:
సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు అర్జీ పెడతా. టర్బైన్ మాట రాయను, జనరేటర్ మాట రాస్తా. తాతా, లెక్కలు నువ్వు రాసివ్వు. రైతన్నా, సంతకానికి వస్తావా?

ఏటి గట్టు రైతు:
సోమవారం నారు వేస్తున్నాం. మంగళవారం అయితే వస్తా.

కొండ కింద కాపురం:
మంగళవారం గ్రీవెన్స్ ఉండదు సామీ. కాగితం ఆదివారమే తీసుకుపోయి చేలో సంతకం పెట్టించుకోండి. అట్లాగే నా కొళాయి సంగతి కూడా ఒక లైను రాయండి.