పెద్ద ఫ్యూయల్ పంప్ వేయాలా? వేసినవాళ్ళు చెప్పండి

డల్లాస్_రాయుడు: నాది 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్) 18 పీఎస్‌ఐకి పెంచి ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించాను. మూడో గేర్‌లో పూర్తిగా తొక్కితే 5500 ఆర్‌పీఎం దాటాక వైడ్‌బ్యాండ్ మీటర్‌లో (పెట్రోల్‌కి గాలి ఎన్ని వంతులో చూపేది) 11.2 ఉండాల్సింది 12.6కి ఎక్కుతోంది. షాపువాళ్ళు గంటకు 340 లీటర్ల పంప్ వేసేయమంటున్నారు. అంత అవసరమా?

గుంటూరు_గేర్‌బాక్స్: ముందు అలా తొక్కడం ఆపండి రాయుడు గారూ. బూస్ట్‌లో 12.6 అంటే పెట్రోల్ చాలడం లేదు, ఆ ఇంజిన్ పిస్టన్లు అసలే సున్నితం.

లెక్క చూద్దాం. 300 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్ గంటకు సుమారు 110 లీటర్లు తాగుతుంది. మరి 340 ఎందుకంటారా? డబ్బా మీది అంకె తక్కువ ప్రెషర్ దగ్గరిది. మీకు మామూలు ఫ్యూయల్ ప్రెషర్ 43, దాని మీద బూస్ట్ 18, మొత్తం 61 పీఎస్‌ఐ. అపార్ట్‌మెంట్ మోటారే చూడండి, కింద సంపులోకి ధారగా పోస్తుంది, అయిదో అంతస్తు ట్యాంకుకి సన్నగా ఎక్కుతుంది. అయినా పెట్రోల్ మీదే నడిపితే 255 లీటర్ల పంప్ బోలెడు.

మల్టీమీటర్_మావయ్య: పంప్ కొనేముందు వోల్టేజీ చూసుకో అబ్బాయ్. నా పాత కారుకి రెండు పంపులు మార్చాక తెలిసింది, బ్యాటరీ దగ్గర 14 ఉంటే పంప్ కనెక్టర్ దగ్గర 11.6. గ్రౌండ్ బోల్టు కింద తుప్పు. లో వోల్టేజీలో పొలం మోటారు ఎలా మూలుగుతుందో ఇదీ అంతే. ఐడిల్‌లో మాత్రం కొలవకు, మోసపోతావు. సుబారు కంట్రోలర్ ఐడిల్‌లో పంపుని మూడో వంతు పవర్‌తోనే తిప్పుతుంది. లోడ్ మీద చూడాలి.

నార్సింగి_నైట్‌రైడర్: నా గోడు కూడా వినండి. హైదరాబాద్‌లో ఒక షాపులో పెద్ద పంప్ వేయించా. మొదటి రోజు నుంచే ఐడిల్‌లో పెట్రోల్ వాసన. పాత రెగ్యులేటర్ (ఫ్యూయల్ ప్రెషర్‌ని అదుపులో ఉంచేది) అంత పెట్రోల్‌ని ట్యాంకులోకి వెనక్కి పంపలేక ప్రెషర్ పెరిగిపోయిందట. సరే, రెగ్యులేటర్ మార్చాం.

ఆరు వారాలకి ఔటర్ మీద బండి ఆగిపోయింది. ట్యాంకు విప్పితే లోపలి గొట్టం ఉబ్బి, మెత్తబడి, క్లాంప్‌లోంచి జారిపోయి ఉంది. వేలితో నొక్కితే జిగురులా అంటుకుంది. బయట వాడే ఫ్యూయల్ హోస్ లోపల వేశారు మహానుభావులు. పెట్రోల్‌లో మునిగి ఉండే గొట్టం వేరే రకం, దాని మీద జె30ఆర్10 అని ఉండాలి. ఆ ముక్క ఖరీదు పంపుతో పోలిస్తే చిల్లర!

గుంటూరు_గేర్‌బాక్స్: కరెక్ట్ బ్రో. ఫిల్టర్ సాక్ (పంపు మూతికి ఉండే వడపోత సంచి), మూత కింద రబ్బర్ సీల్ కూడా కొత్తవే వేయాలి. నకిలీ పంపులు కూడా తిరుగుతున్నాయి, సగం ధరకి వస్తోందంటే కొనొద్దు.

డల్లాస్_రాయుడు: మావయ్య గారూ, మీకు దండం. లోడ్ మీద 11.4 వోల్టులే వచ్చింది. గ్రౌండ్ శుభ్రం చేసి, బ్యాటరీ నుంచి రిలే పెట్టి లావు వైరు లాగాను. ఇప్పుడు 13.3. వైడ్‌బ్యాండ్ మీటర్ కూడా 11.3 దగ్గర నిలబడింది. కానీ వేసవికి ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఇంధనం) పోయించాలని ఉంది...

గుంటూరు_గేర్‌బాక్స్: అలాగైతే లెక్క మారుతుంది. ఈ85కి కనీసం 30 శాతం ఎక్కువ ఇంధనం కావాలి, ఇంజెక్టర్లు కూడా పెద్దవి పడతాయి. అప్పుడు 340 వేయండి, తప్పులేదు. ట్యూన్ మార్చకుండా స్టార్ట్ చేయొద్దు.

మల్టీమీటర్_మావయ్య: ట్యాంకు పావు వంతుకి తగ్గాకే విప్పు. పంప్ ఫ్యూజ్ తీసి ఇంజిన్ ఆగేదాకా తిప్పితే లైన్‌లో ప్రెషర్ పోతుంది, తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసెయ్. అన్నట్టు, మీ అమెరికా గ్యారేజీల్లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది కదా?

డల్లాస్_రాయుడు: ఉంది. కారుకి నాలుగడుగుల దూరంలో, లోపల మంట వెలుగుతూ. ఇప్పుడే బండిని డ్రైవ్‌వేలోకి తోసేశాను.