1968 పెట్రోలు జీపు: అసలు ఇంజనుతోనే నిలబెట్టాలా, డీజిల్ వేయించాలా?

కందుకూరు కుర్రాడు

సింగరాయకొండ దగ్గర రొయ్యల చెరువుల పక్కన ఒక షెడ్డులో 1968 నాటి మహీంద్రా జీపు ఉంది. సీజే-3బీ, ఎత్తు బానెట్టుది, ఫోర్ వీల్. పెట్రోలు ఇంజను స్టార్టవుతుంది, కానీ పొగ బాగా వస్తోంది. రెండు లక్షల ఎనభై వేలు అడుగుతున్నారు. కొనాలని దాదాపుగా అనుకున్నాను.

గొడవంతా ఇంజను దగ్గరే. మా మామయ్య డీజిల్ ఇంజను వేయించి పొలానికి, కొండ దారులకు వాడుకోమంటున్నాడు. నా స్నేహితుడేమో అసలు ఇంజను తీస్తే ఆ బండి ఎక్కనంటున్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తోంది. మీరేమంటారు? కొత్త థార్ కొనుక్కోమని మాత్రం దయచేసి చెప్పవద్దు.

హైవే పక్షి

కొత్త థార్ కొనుక్కోండి.

పాత ఇనుము

పై మాటను పట్టించుకోవద్దు. ఈ వేదికలో ప్రతి చర్చకూ ఆయన జవాబు అదే.

సీజే-3బీ బానెట్టు అంత ఎత్తుగా ఎందుకుందో ముందు తెలుసుకోండి. ఈ మోడల్‌ను మొదట తయారుచేసిన అమెరికా కంపెనీ విల్లీస్ వాళ్లు పాత ఇంజను స్థానంలో హరికేన్ ఇంజను పెట్టారు. 2.2 లీటర్లది. లోపలికి గాలి తీసుకునే వాల్వులు హెడ్డులోకి వెళ్లాయి, పొగ వదిలేవి బ్లాకులోనే ఉండిపోయాయి. దాంతో ఇంజను ఎత్తు పెరిగి పాత బానెట్టు కింద పట్టలేదు. కనుక బానెట్టునే పైకి లేపారు. అందం కోసం ఎవరూ గీసిన గీత కాదది, కింద ఉన్న ఇంజను వల్ల వచ్చిన ఆకారం. అమెరికాలో ఈ మోడల్ 1953 నుంచి 1968 దాకా నడిచింది. అక్కడ ఆపేశాక కూడా మహీంద్రా అదే ముఖంతో రకరకాల పేర్లు పెట్టి దశాబ్దాల పాటు జీపులు అమ్మింది. మీరు చూసిన బండి సరిగ్గా ఆ మలుపులో తయారైంది.

ఆ ఇంజను తీసి తుక్కు కొట్టుకు వేస్తే మిగిలేది ఎత్తైన రేకు మూత. పొగ వస్తే పిస్టన్ రింగులు, వాల్వు గైడ్లు చూడండి. సిలిండర్లు అరిగితే బోరు చేయించండి. ఇంజను విప్పడానికి బద్ధకించే మెకానిక్కే ‘డీజిల్ వేసేద్దాం’ అంటాడు.

ఉదయగిరి బాట

ముఖం గురించి చక్కగా చెప్పారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అదే ముఖంతో ఉదయగిరి నుంచి సీతారామపురం వైపు రండి, మిగతాది దారిలో మాట్లాడుకుందాం. పెట్రోలు పంపు ఇంజను బ్లాకుకే బిగించి ఉంటుంది. ఎండ, ఇంజను వేడి కలిస్తే పైపులోనే పెట్రోలు ఆవిరవుతుంది, బండి నడిదారిలో నిలబడుతుంది. పాత డ్రైవర్లు పంపుకు తడి గుడ్డ చుట్టి, బీడీ కాల్చుకుంటూ చెట్టు కింద కూర్చునేవారు. వాళ్లకు అది డ్యూటీ. కుర్రాడికి ఇది సరదా కదా, సరదాకు తడి గుడ్డలెందుకు?

ఇంకో సంగతి నీళ్లు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడు మా బంధువుల ఊళ్లో నీళ్లలో తిరిగింది పాత డీజిల్ జీపే. దానికి డిస్ట్రిబ్యూటరు లేదు, ప్లగ్గులు లేవు, తడిసి చచ్చిపోవడానికి స్పార్కే లేదు. గాలి తీసుకునే గొట్టం నీటికి పైన ఉంటే చాలు.

మహీంద్రా 2,523 సీసీ డీజిల్ వేయించండి. దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. మహీంద్రా వాళ్లే జీపుల్లో ట్రాక్టరు వంశపు డీజిల్ పెట్టారు, తరువాత ప్యుజో డీజిల్ పెట్టారు. కంపెనీ చేస్తే చరిత్ర, మనం చేస్తే పాపమా?

లాత్ మేస్త్రి

ఒంగోలులో నాకు చిన్న షెడ్డు ఉంది. రెండు రకాల పనీ చేశాను కనుక ఎవరి పార్టీ కాదు.

డీజిల్ వేయడం కష్టం కాదు. వేశాక ఆగకపోవడమే కష్టం. ఈ బండి ఇరుసుల రేషియో 5.38. అంటే పై గేరులో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజను ఐదుసార్లకు పైగా తిరగాలి. పెట్రోలు ఇంజను నిమిషానికి నాలుగు వేల సార్ల దాకా తిరుగుతుంది కనుక సరిపోయింది. డీజిల్‌ను మీరు హాయిగా మూడు వేలకు మించి తిప్పలేరు. పదహారు అంగుళాల పాత సైజు టైర్లతో లెక్క కడితే పై గేరులో గంటకు 75 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, అదీ చెవులు చిల్లులు పడే మోతతో. ఆ వేగంతో కావలి హైవే ఎక్కితే వెనక లారీ వాడు హారను మీది నుంచి చెయ్యి తీయడు. కనుక రేషియో మార్చాలి. ఫోర్ వీల్ కాబట్టి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఒకేసారి మార్చాలి. ఒక్కదానికే మార్చి ఫోర్ వీల్ వేస్తే గట్టి నేల మీద రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి, ఎక్కడో ఒకచోట విరుగుతుంది.

తరువాత గేర్ బాక్సు. మూడు గేర్ల పాత టీ-90ను పెట్రోలు ఇంజనుకు తగ్గట్టు చేశారు. డీజిల్ కుదుపుకు అది ఎక్కువ కాలం నిలవదు, నాలుగు గేర్లది వేయాలి. అప్పుడు షాఫ్టుల పొడవు మారుతుంది, లాత్ పని వస్తుంది. ఇంజను బరువుకు ముందు స్ప్రింగు పట్టీలు కుంగుతాయి, అదనపు పట్టీ వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. రేడియేటరు, ఇంజను మౌంటింగులు కూడా మారతాయి. ఇంజను ధర ఒక్కటే చూసి బయలుదేరినవారు చివర్లో బిల్లు చూసి నాతో గొడవ పడతారు.

అయినా కుర్రాడా, రొయ్యల చెరువుల షెడ్డు అన్నావు. అసలు భయం అక్కడుంది. ఇంజను సంగతి తరువాత, బండి కింద పడుకుని చాసిస్, అంటే అడుగు చట్రం చూడు. స్ప్రింగు పట్టీలను పట్టి ఉంచే హ్యాంగర్లు రివెట్ చేసిన చోట సుత్తితో మెల్లగా కొట్టు. ఖంగుమంటే ఇనుము ఉంది, చప్పగా మోగితే లోపల తుప్పు తిన్నట్టు. డ్రైవరు సీటు ఎత్తితే పెట్రోలు ట్యాంకు ఉంటుంది, దాని కింద రేకు చూడు. పెడళ్ల కింద చూడు. పక్క రేకుల మీద అయస్కాంతం పెట్టి నడిపించు. అది పట్టని చోట పుట్టీ తప్ప రేకు లేనట్టే. బాడీ మొత్తం కొత్త రేకుతో కట్టుకోవచ్చు, చాసిస్ పోతే మాత్రం ఆ బండి కొనవద్దు.

పాత ఇనుము

మేస్త్రి గారు చెప్పినదంతా నా వాదనే. ఇంజను, గేర్ బాక్సు, ఇరుసుల పళ్లు, రేడియేటరు అన్నీ మార్చాక దాన్ని 1968 జీపు అని ఎలా పిలుస్తారు?

ఉదయగిరి బాట

మన ఒంగోలు జాతి పశువు బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోరె అయింది. దానితో అక్కడ పని పడింది కాబట్టే దేశమంతా విస్తరించింది. ఇక్కడ చూస్తే బండలాగుడు పోటీల్లోనూ, ఫొటోల్లోనూ కనిపిస్తోంది. వాడకం ఉన్నదే బతుకుతుంది.

పాత ఇనుము

బ్రెజిల్ వాళ్లు ఎద్దుకు వేరే గుండె పెట్టలేదు కదా.

నిబంధనల పుస్తకం

ఇంజను గురించి ఇంత మాట్లాడారు, కాగితాల గురించి ఒక్కరూ అడగలేదు. వీటి వల్ల మీ వాదనలు రెండూ మారిపోతాయి.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు, కొత్తగా నమోదయ్యేవాటికి వీఏ సిరీస్ ఇస్తారు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. 1968 బండికి 50 ఏళ్లు 2018లోనే నిండాయి, కనుక వయసు అర్హత ఉంది. డీజిల్ వేసిన రోజున ఆ అర్హత పోతుంది.

పాత ఇనుము గారు అప్పుడే సంతోషించనక్కరలేదు. వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం వంటివాటికే రోడ్డెక్కాలి. మామయ్య గారి పొలానికి ఎరువు బస్తాలు మోసుకెళ్లడం ఆ జాబితాలో లేదు.

ఇక రెండో దారి, మామూలు రిజిస్ట్రేషనే కొనసాగించడం. ఫిట్‌నెస్ చేయించుకుని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. ఈ దారిలో ఇంజను మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్పులు చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక ఏ అధికారీ చూసీచూడనట్టు సంతకం పెట్టడు. అనుమతి లేని ఇంజనుతో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది అదే.

హైవే పక్షి

ఇప్పుడైనా అర్థమైందా? నాలుగేళ్లు షెడ్డుల చుట్టూ తిరిగి, ఆ తరువాత ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి ర్యాలీకి మాత్రమే వెళ్లగలిగే బండి. థార్‌కు ఏసీ ఉంటుంది, ఎయిర్ బ్యాగులు ఉంటాయి. పాత జీపుకు బ్రేకు నూనె వెళ్లే దారి ఒక్కటే. ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. చరిత్ర మీద ప్రేమతో పిల్లల్ని ఎక్కించుకుని ఒంగోలు బైపాస్ ఎక్కుతారా?

లాత్ మేస్త్రి

ఆయన థార్ పిచ్చి పక్కన పెడితే బ్రేకుల మాట నిజం. పెట్రోలు ఉంచినా, డీజిల్ వేసినా బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్ రెండు దారులది వేయించండి. నా దగ్గరికి ఎవరు తెచ్చినా మొదటి పని అదే చేస్తాను. ‘ఒరిజినల్’ అని పట్టుబట్టేవారు వేరే షెడ్డు చూసుకోవచ్చు.

పాత ఇనుము

బ్రేకుల్లో నాకూ పట్టుదల లేదు. పాతది తీసి డబ్బాలో దాచుకుంటే చాలు, రేపు మళ్లీ బిగించుకోవచ్చు.

ఇంకొకటి చెప్పడం మరిచాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1968 నాటి రబ్బరుకు అది పడదు. పంపులో డయాఫ్రం అనే రబ్బరు పొర, కార్బురేటర్‌లో వాషర్లు ఉబ్బిపోతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తీర ప్రాంతంలో ఆ తేమకు కొరత లేదు. బండిని నెలల తరబడి నిలిపి ఉంచితే ట్యాంకులో తుప్పు పడుతుంది. రబ్బరు సామానంతా ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి, నిలిపేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేయండి.

ఉదయగిరి బాట

చూశారా, పెట్రోలు ఉంచమన్న ఆయనే పెట్రోలు పోయవద్దంటున్నారు.

కందుకూరు కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు. నిన్న మళ్లీ వెళ్లి చూశాను. మేస్త్రి గారు చెప్పినట్టు సుత్తి, అయస్కాంతం రెండూ తీసుకెళ్లాను. చాసిస్ గట్టిగా ఉంది. ఎడమవైపు వెనక హ్యాంగరు దగ్గర మాత్రం పైపైన పొరలు లేచాయి. నేల రేకు దాదాపు లేదు, పెడళ్ల సందులోంచి భూమి కనిపిస్తోంది.

కొత్త సమస్య ఒకటి వచ్చింది. చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయింది. ఇంజను నంబరు సరిపోలేదు. బ్లాకు అదే హరికేన్, నంబరు వేరు. చాలా ఏళ్ల కిందట పాత యజమాని ఎవరో వేరే జీపు ఇంజను వేశారట, కాగితాల్లో రాయించలేదట. దీన్ని అసలు ఇంజను అనవచ్చా?

పాత ఇనుము

అదే రకం, అదే కాలం. నా లెక్కలో అసలుదే. పని చేసే బండికి యాభై ఏళ్లలో బ్లాకు పగలడం వింత కాదు, అదే జాతి ఇంజను వేసినవాడికి దండం పెట్టాలి.

నిబంధనల పుస్తకం

దండం తరువాత పెట్టండి. ఆ ఇంజను ఏ బండిదో తేలాలి. దొంగ బండి నుంచి తీసినదైతే మీ పేరు మీదికి బదిలీ అయ్యాక జవాబు చెప్పాల్సింది మీరే. ఇంజను మార్పును ఇప్పటి యజమానే రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కాకే డబ్బు మాట ఎత్తండి. అడ్వాన్సు కూడా ఇవ్వవద్దు. రేపు వింటేజ్ నమోదుకు వెళ్లినా, మామూలు రెన్యువల్‌కు వెళ్లినా ముందు నంబర్లే సరిచూస్తారు.

ఉదయగిరి బాట

ఎలాగూ ఇంజను మార్పు కోసం ఆఫీసుకు వెళుతున్నారు కదా, అదే ఊపులో డీజిల్‌కూ అడిగేస్తే పోలేదా?

నిబంధనల పుస్తకం

ఒకే రకం ఇంజను మార్పు వేరు, ఇంధనం మార్పు వేరు. రెండోదానికి అనుమతి దొరుకుతుందని నేను పందెం కాయను. అడగడానికి అడ్డేమీ లేదు. వేయించేశాక అడగడం మాత్రం కుదరదు.

కావలి కెరటం

చర్చ మధ్యలో చిన్న ప్రశ్న. ఈ జీపుతో మైపాడు, కొత్తపట్నం ఇసుకలో తిరగవచ్చా? ఫొటోలు బాగుంటాయి.

లాత్ మేస్త్రి

ఫొటో ఒక పూట, తుప్పు ఏళ్ల తరబడి. ఉప్పు నీరు కింద చాసిస్ సందుల్లోకి వెళితే కడిగినా పోదు. పైగా జనవరి నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుక మీద టైరు వెళితే కింద ఏముందో కనిపించదు. బీచికి నడిచి వెళ్లండి.

కందుకూరు కుర్రాడు

యజమానితో మాట్లాడాను. ఇంజను నంబరు ఎక్కించి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, కాకపోతే ధరలో తగ్గింపు ఉండదన్నారు. మామయ్యకు మూడు వేల తిరుగుడు లెక్క వినిపించాను. రెండు ఇరుసుల ఖర్చు వినగానే ఆయన కొంత మెత్తబడ్డాడు, పొలానికి ట్రాక్టరు ఉందిగా అన్నాడు. ప్రస్తుతానికి పెట్రోలే ఉంచి, బ్రేకులు, రబ్బరు సామాను, నేల రేకు చేయిస్తాను. వింటేజ్ నమోదు జోలికి ఇప్పుడే వెళ్లను, మామూలు రెన్యువలే. కొండ దారి చూడకుండా బండిని షెడ్డులో పెట్టుకోవడం నా వల్ల కాదు.

ఉదయగిరి బాట

మంచిది. మే నెలలో మా ఊరు మీదుగా వెళ్లేటప్పుడు చెప్పండి, తడి గుడ్డ నేను తెస్తాను.

లాత్ మేస్త్రి

గుడ్డ అవసరం లేదు. పెట్రోలు పైపును వేడి తగలని దారిలో తిప్పి, మధ్యలో చిన్న ఎలక్ట్రిక్ పంపు పెడతాను. పాత పంపు అక్కడే ఉంటుంది, పాత ఇనుము గారు బాధపడనక్కరలేదు. బ్యాటరీ ఆరు వోల్టులదా, పన్నెండుదా? అది చూసి చెప్పు, పంపు దాన్నిబట్టే తెప్పించాలి.

హైవే పక్షి

ఆ జాబితాలోని సామాను ధరలన్నీ కలిపి ఇక్కడ పెట్టండి. నేను థార్ ముందస్తు చెల్లింపుతో పోల్చి చూపిస్తాను.