కాపర్-బాటమ్డ్: ఈ రాగి అడుగు ఏ అడుగు?

ప్రశ్న: ఒక ఇంగ్లీషు వ్యాసంలో "కాపర్-బాటమ్డ్ గ్యారంటీ" అని రాశారు. మన ఇళ్ళలో రాగి అడుగున్న స్టీలు గిన్నెలకూ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: లేదండీ. ఇది వంటింటి మాట కాదు, ఓడల మాట.

చెక్క ఓడలు వెచ్చటి సముద్రాల్లో తిరిగితే ఓడపురుగు అడుగును తొలిచేసేది (పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి). పైగా నాచూ గుల్లలూ పట్టి వేగం పడిపోయేది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తొడిగి వెస్టిండీస్‌కు పంపింది. తిరిగొచ్చాక చూస్తే చెక్కకు పురుగు పట్టలేదు. కానీ రేకుల్ని పట్టి ఉంచిన ఇనుప మేకుల్ని చాలాచోట్ల తుప్పు తినేసింది! ఉప్పునీళ్ళలో రాగీ ఇనుమూ కలిస్తే ఇనుము కరిగిపోతుంది మరి. రేకులకు చుట్టిన కాగితం చిరగకుండా రెంటికీ మధ్య అడ్డుగా మిగిలిన చోట మాత్రం మేకులు బాగానే ఉన్నాయట. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఆ కాగితమే.

అంటే మొదట్లో రాగి అడుగును నమ్మడానికి లేదు. అయినా అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో ఓడలు చాలక, ఉన్నవాటినే ఎక్కువగా వాడుకోవడానికి దాదాపు నౌకాదళమంతటికీ హడావిడిగా రాగి తొడిగారు. 1780ల్లో ఓడ చెక్కల్ని బిగించే బోల్టులు కూడా గట్టిపరచిన రాగితో చేశాక ఇబ్బంది తీరింది. ఇక రాగి అడుగు ఓడంటే వేగం, మన్నిక. 19వ శతాబ్దంలో ఆ పేరు వ్యాపారానికీ మాటకూ పాకింది.

అర్థం: ఢోకా లేనిది. హామీ, పెట్టుబడి, సాక్ష్యం లాంటి వాటికి వాడతారు. బ్రిటిష్ రాతల్లోనే ఎక్కువ.

ఇంకో సంగతి. చివరి "డ్"ని చూసి భూతకాల క్రియ అనుకోకండి. రాగి అడుగు కలది అని విగ్రహవాక్యం. మన ముక్కంటి లాంటి బహువ్రీహే. ఇంగ్లీషు వ్యాకరణవేత్తల్లో కొందరు కూడా ఇలాంటి సమాసాలను బహువ్రీహి అనే అంటారు, సంస్కృతం నుంచి తీసుకున్న పేరుతోనే.

ప్రశ్న: అయితే హాఫ్-హార్టెడ్ కూడా ఇదే కోవలోదా?

జవాబు: అదే కోవ. సగం మనసు కలది. బ్లూ-ఐడ్, లెఫ్ట్-హ్యాండెడ్ కూడా అంతే. హ్యాండ్-మేడ్ మాత్రం ఇందులో కలపకండి, అందులో మేడ్ నిజంగానే క్రియ నుంచి వచ్చింది. చేత్తో చేయబడినది, తృతీయా తత్పురుష.