సంక్రాంతికి కోనసీమ ప్రయాణం: కెనాన్ 200డికి తక్కువ ఖర్చులో అన్నిటికీ పనికొచ్చే లెన్స్ ఏది?

వశిష్ఠ తీరం:

సభ్యులందరికీ నమస్కారం. మాది నరసాపురం. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. ఈ సంక్రాంతికి పిల్లలతో ఇంటికి వచ్చి, పంటు మీద సఖినేటిపల్లి రేవుకు దాటి అంతర్వేది, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, తరువాత ఆత్రేయపురం, ధవళేశ్వరం, చివరగా కోరంగి మడ అడవులు చూడాలనుకుంటున్నాము. నా దగ్గర కెనాన్ 200డి, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. ఇరవై వేలకు మించి పెట్టలేను. ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని తీయవలసి ఉంటుంది కనుక మాటిమాటికీ లెన్స్ మార్చడం కుదరదు. 18-135 మంచిదా, ట్యామ్రాన్ 18-200 మంచిదా? వాడినవారు చెప్పగలరు.

గౌతమి గట్టు:

నేను చాలాకాలంగా 18-135 ఐఎస్ ఎస్‌టీఎం (ఐఎస్ అంటే చేతి వణుకును ఆపే ఏర్పాటు, ఎస్‌టీఎం అంటే ఫోకస్ చేసే మోటారు రకం) వాడుతున్నాను, నా ఓటు దానికే. మీ కెమెరా సెన్సర్ చిన్నది కనుక ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్స్ మీది ఎం.ఎం. అంకెను, 1.6తో హెచ్చవేసి చూసుకోవాలి. అంటే పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సర్ కెమెరాలతో పోలిస్తే 18 దగ్గర దాదాపు 29 ఎం.ఎం., 135 దగ్గర 216 ఎం.ఎం. లెన్స్ ఇచ్చే దృశ్యం వస్తుంది. పంటు మీద నిలబడి అవతలి రేవులో దిగుతున్న జనాన్ని తీయాలన్నా, ఆ వెంటనే పక్కనే ఉన్న మీ పిల్లవాణ్ణి తీయాలన్నా రింగు తిప్పితే చాలు. బరువు 480 గ్రాములు. కిట్ లెన్స్ 215 గ్రాములే కనుక మొదట్లో మెడకు తేడా తెలుస్తుంది గాని, వెడల్పాటి పట్టీ వేసుకుంటే ఇబ్బంది ఉండదు. కొత్తది మీ బడ్జెట్ దాటుతుంది. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరహా) కెమెరాలకు మారిన చాలామంది పాత లెన్సులు అమ్మేస్తున్నారు కనుక సెకండ్ హ్యాండ్‌లో వెతకండి.

ట్యామ్రాన్ 18-200 ఇంకా తేలిక, 400 గ్రాములు. కాని జూమ్ చివర దాని ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 6.3కి తగ్గిపోతుంది, ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. పొద్దు వాలాక గోదావరి ఒడ్డున అది మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది.

కొబ్బరాకు:

గౌతమి గట్టు గారు చెప్పినది సబబే, అయితే ప్రభల తీర్థం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రయాణం మొత్తంలో లెన్స్‌కు అసలైన పరీక్ష అక్కడే. మాది అంబాజీపేట దగ్గర. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలను భుజాల మీద మోసుకుంటూ, చేలకు అడ్డంపడి, కౌశిక కాలువలో దిగి నీళ్లలోంచి తోటకు తీసుకువస్తారు. ప్రభ ఎత్తుగా ఉంటుంది, మీరు గట్టు మీద జనం మధ్య దానికి దగ్గరలోనే ఇరుక్కుని ఉంటారు. అప్పుడు మీకు అక్కరకు వచ్చేది 135 కాదు, 18. అదీ నిలువుగా పట్టుకుంటేనే ప్రభ శిఖరం, మోసేవాళ్ల కాళ్లు ఒకే చట్రంలో పడతాయి. కెమెరాను పైకి వంచితే ప్రభ వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది కనుక, వీలైతే కాస్త వెనక్కి జరిగి కెమెరాను నిటారుగా ఉంచండి.

ప్రభ కాలువ దాటి గట్టెక్కేటప్పుడు తాళ్లు లాగేవారి ముఖాలు మాత్రం దూరం నుంచే బాగా వస్తాయి. అక్కడ 100 పైన జూమ్ కావాలి, షట్టర్ స్పీడ్ 1/500 సెకను కంటే నెమ్మదించకూడదు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గాని, ఊగుతున్న ప్రభను ఆపలేదు. ఆ దుమ్ములో, నీటి తుంపరల్లో లెన్స్ ఊడదీయడమంటే సెన్సర్ మీద దుమ్మును కూర్చోబెట్టుకోవడమే. ఒకే లెన్స్ అన్న మీ ఆలోచన ఆ ఒక్క రోజుకైనా పూర్తిగా సరైనది.

పూతరేకు:

నా అభిప్రాయం వేరు. వశిష్ఠ తీరం గారూ, కిట్ లెన్స్‌ను అలాగే ఉంచుకుని, 24 ఎం.ఎం. ఎఫ్ 2.8 ఎస్‌టీఎం ఒక్కటి కొనండి. ఇది జూమ్ కాదు. బరువు 125 గ్రాములే, కెమెరాకు ఒక మూత పెట్టినంత పలచగా ఉంటుంది. ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఇంట్లోకి వెళ్లినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఆ వసారాలో వెలుతురు వాకిలి వైపు నుంచి, కుండ కింద మంట నుంచి తప్ప మరెక్కడి నుంచీ రాదు. పలచని బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఆవిడ ఒక్కసారి అటు నుంచి ఇటు లాగుతారు. తెల్లటి పొర చూస్తుండగానే ఆరి, అంచు దగ్గర లేస్తుంది, రెండు వేళ్లతో తీసేస్తారు. అంతా రెండు మూడు క్షణాల పని. ఆ అంచు లేచే క్షణం కావాలంటే వెలుతురును ఎక్కువగా రానిచ్చే లెన్స్, దగ్గరి నుంచి ఫోకస్ చేసే లెన్స్ రెండూ కావాలి. ఈ 24 ఎం.ఎం. 16 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళుతుంది. 18-135కు 39 సెంటీమీటర్లు కావాలి.

చాలామంది 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 కొనమంటారు. పోర్ట్రెయిట్లకు అది అద్భుతమే. జూమ్ చేస్తే ఎఫ్ 5.6కు దిగిపోయే కిట్ లెన్స్ కంటే అది దాదాపు పది రెట్లు వెలుతురు రానిస్తుంది. కాని మీ కెమెరా మీద అది 80 ఎం.ఎం. అవుతుంది. ఇరుకు ఇంట్లో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది.

గౌతమి గట్టు:

పూతరేకు గారి మాట ఒప్పుకుంటున్నాను. అయితే 24 ఒక్కటే ఉంటే కోరంగిలో ఏం చేస్తారు?

మడకొంగ:

కోరంగి గురించి నేను చెప్పగలను, కాకినాడ నుంచి తరచుగా వెళుతుంటాను. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడిచేటప్పుడు వేళ్లు, బురద, పీతలు, ఆకుల మధ్య నుంచి పడే ఎండ చక్కగా వస్తాయి, వాటికి మీ కిట్ లెన్స్ చాలు. పక్షులు కావాలంటే మాత్రం 135 కూడా చాలదు. 55-250 ఐఎస్ ఎస్‌టీఎం 375 గ్రాములే, మీ కెమెరా మీద 400 ఎం.ఎం. దాకా అందుతుంది, ఈ వరుసలో దానికి సాటి లెన్స్ నేను చూడలేదు. కాని మీ ప్రయాణంలో పక్షుల వంతు ఒక్క పూట మాత్రమే. ఒక్క పూట కోసం బడ్జెట్ ఖర్చు పెట్టమని నేను చెప్పను. కొంగలు వంతెనకు దగ్గరగా ఉంటే 135తో తీయండి, లేకపోతే కళ్లారా చూడండి.

బోటు ఎక్కితే ఇంజను అదురు ఉంటుంది. మోచేతులను రెయిలింగ్‌కు ఆనించకండి, ఆ అదురంతా కెమెరాకు ఎక్కుతుంది.

లంకగాలి:

సెకండ్ హ్యాండ్ కొనేవారికి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మన డెల్టాలో గాలి తేమ ఎక్కువ, ఇక్కడ బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సులకు ఫంగస్ పడుతుంది. మీరు లెన్స్ చూడటానికి వెళ్లినప్పుడు రెండు మూతలూ తీసి, సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా సన్నని కొమ్మలు కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే భయపడనక్కరలేదు. జూమ్ రింగు తిప్పుతుంటే గరగరలాడుతోందా, లెన్స్ కిందికి దించితే గొట్టం తనంతట తనే జారుతోందా అని చూడండి. ఒక ఇటుక గోడను 18 దగ్గర తీసి, నాలుగు మూలలూ ఒకేలా స్పష్టంగా ఉన్నాయో లేదో పెద్దది చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడి ఉంటుంది.

కొన్నాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఏసీ కారులోంచి బయటికి దిగగానే అద్దం మీద ఆవిరి పడుతుంది కనుక సంచీ జిప్పు తీయకుండా కాసేపు ఆగండి.

వశిష్ఠ తీరం:

అందరికీ కృతజ్ఞతలు. 18-135 ఎస్‌టీఎం సెకండ్ హ్యాండ్‌లో చూసుకుంటాను. డబ్బు మిగిలితే 24 ఎం.ఎం. కూడా కొని ఆత్రేయపురం రోజున దాన్నే తగిలిస్తాను. కొబ్బరి చెట్ల నీడలు పడే కాలువల కోసం పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే ఫిల్టర్) కూడా కావాలా?

కొబ్బరాకు:

తప్పకుండా తీసుకోండి, నీటి మీది మెరుపు తగ్గి కాలువలో ఆకుపచ్చదనం నిండుగా వస్తుంది. సూర్యుడు మీకు ఎడమ పక్కనో కుడి పక్కనో ఉన్నప్పుడు ఆకాశం మీద బాగా పని చేస్తుంది. వెలుతురును ఒకటి నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తినేస్తుంది కనుక ప్రభల దగ్గర తీసేయండి. నీళ్లలో పడే చెట్ల నీడలనే తీయాలనుకుంటే అసలు పెట్టకండి, ఆ నీడ కూడా చెరిగిపోతుంది. కొనేటప్పుడు 67 ఎం.ఎం. సైజు అడగండి. మీ కిట్ లెన్స్‌ది 58, అది 18-135కు పట్టదు.