చర్చ: స్కూళ్లలో పిల్లల మతాభివ్యక్తి పాలసీలు, ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది?

నార్త్ టెక్సస్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు వచ్చే మీటింగులో సెనేట్ బిల్ 11 (ఎస్‌బీ 11) మీద ఓటు వేయబోతోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ టెక్సస్ చట్టం ప్రకారం, ప్రార్థనకీ, బైబిల్ లేదా వేరే మతగ్రంథం చదువుకోవడానికీ రోజూ కొంత సమయం ఇవ్వాలా వద్దా అన్నది ప్రతి బోర్డూ 2026 మార్చి 1 లోపు ఓటు పెట్టి తేల్చాలి. పిల్లలు పాల్గొనాలంటే తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఆ ఫారంలోనే, ఈ విషయమై కోర్టుకు వెళ్లే హక్కు వదులుకుంటున్నట్టు కూడా ఉంటుంది. చేరని పిల్లల ముందు చదవకూడదు, మైకులో వినిపించకూడదు, పాఠాల టైమ్ వాడకూడదు.

ఎవరి నమ్మకం వాళ్లది, ఆ వాదనలోకి నేను వెళ్లను. నన్ను ఆపేసింది అజెండా కాగితంలో ఒక గడి. "ఆర్థిక భారం: లేదు" అని రాసి వదిలేశారు. చేరినవాళ్లు ఒక గదిలో, మిగతావాళ్లు ఇంకో గదిలో ఉంటే రెండు చోట్లా పెద్దవాళ్లు ఉండాలి కదా? వందల ఫారాలు ఎవరు చూస్తారు? పోయినేడాదే మా ఎలిమెంటరీలో రీడింగ్ స్పెషలిస్టు పోస్టు తీసేశారు. స్కూల్ ఆఫీసుల్లో, బోర్డుల్లో పనిచేసినవాళ్లెవరైనా ఉంటే అసలు ఖర్చు ఎక్కడ తేలుతుందో చెప్పండి.

పద్దుల రావు:
అమ్మా, నేను ఒక డిస్ట్రిక్ట్ ఫైనాన్స్ ఆఫీసులో పని చేస్తాను, మీది కాదు. "భారం లేదు" అంటే మా భాషలో కొత్త పద్దు తెరవలేదని అర్థం, అంతే. పని మాత్రం ఉన్నవాళ్ల మీదే పడుతుంది. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ గంటలు, కౌన్సెలర్ గంటలు, ఫ్రంట్ ఆఫీసులో ఫారాలు సర్దే ఆవిడ గంటలు. జీతం ఎలాగూ ఇస్తున్నాం కాబట్టి ఇవేవీ ఎక్కడా ఖర్చుగా కనబడవు. కనబడేవి రెండే: లాయర్ బిల్లు, ఇన్సూరెన్స్.

లాయర్ బిల్లు కేసు పడితేనే వస్తుందని అందరూ అనుకుంటారు. కేసు పడకముందే వస్తుంది. ప్రిన్సిపాల్‌కి ఒక తల్లి ఈమెయిల్ పెడుతుంది. ఆయన దాన్ని డిస్ట్రిక్ట్ లాయర్‌కి పంపుతాడు. చదివినందుకు బిల్లు, ఫోన్‌లో మాట్లాడినందుకు బిల్లు, జవాబు రాసిచ్చినందుకు బిల్లు, అన్నీ గంటలో పదోవంతు లెక్కన. నెలాఖరుకు ఆ ఇన్వాయిస్ నా టేబుల్ మీదకి వస్తుంది. పాలసీ ఎంత అస్పష్టంగా ఉంటే ఆ కాగితం అంత పొడుగ్గా ఉంటుంది.

ఎస్‌బీ 11 విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. బోర్డు అడిగితే రాష్ట్ర ప్రభుత్వ లాయర్ అయిన అటార్నీ జనరల్ దాని తరఫున వాదించాలని, ఆ కేసు ఖర్చులు రాష్ట్రమే భరించాలని చట్టంలోనే ఉంది. అంటే కేసు ఖర్చు భయం కొంత తగ్గించారు. గంటల ఖర్చు మాత్రం అలాగే ఉంది.

కేసు ఫైలు:
రావు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను స్కూల్ కేసులు చూసే ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే లాయర్లకి సహాయంగా పనిచేస్తాను. 1976లో కాంగ్రెస్ చేసిన చట్టం ఒకటుంది. పౌరహక్కుల కేసులో ప్రభుత్వ సంస్థ ఓడిపోతే, గెలిచినవాళ్ల లాయర్ ఫీజు కూడా ఆ సంస్థే కట్టాల్సి వస్తుంది. స్కూల్ గెలిస్తే మాత్రం, అవతలివాళ్ల కేసు పూర్తిగా పసలేనిదైతే తప్ప, తన ఫీజు తిరిగి రాదు. బోర్డు మెంబర్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

ఈ ఫీజులు రెండు వైపుల నుంచీ వస్తాయి. మతాన్ని ఎక్కువ రానిచ్చినా కేసే, ఎక్కువ అడ్డుకున్నా కేసే. మిసిసిపీలో రాంకిన్ కౌంటీ డిస్ట్రిక్ట్ 2013లో ఒక విద్యార్థినితో రాజీ పడి, ఇకపై స్కూల్ కార్యక్రమాల్లో ప్రార్థనలు చేయించబోమని ఒప్పుకుంది. తర్వాత మళ్లీ అదే పని చేస్తే 2015లో ఫెడరల్ జడ్జి 7,500 డాలర్ల జరిమానా వేశారు, పైన లాయర్ ఫీజులు. ఇటువైపు చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రెమెర్టన్ డిస్ట్రిక్ట్, మైదానం మధ్యలో ప్రార్థన చేసిన ఫుట్‌బాల్ కోచ్‌ని ఆపింది. 2022లో సుప్రీంకోర్టు 6-3తో కోచ్ పక్షాన తీర్పిచ్చింది. 2023లో ఆయన లాయర్లకి 17 లక్షల 75 వేల డాలర్లకు సెటిల్‌మెంట్ అయింది. అక్కడ ఉన్నది ఉద్యోగి, విద్యార్థి కాదు, నిజమే. కానీ ఫీజుల లెక్క ఒకటే.

పిల్లల కేసే కావాలంటే టెక్సస్‌లోని ప్లేనోది ఉంది. క్రిస్మస్ ముందు పార్టీలో ఒక పిల్లాడు మత సందేశం కట్టిన క్యాండీ కేన్ (వంపు కర్ర మిఠాయి) ఆకారపు పెన్నులు పంచబోతే ఆపారు. 2004లో వేసిన కేసు 2011లో ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు జడ్జిలందరి ముందుకూ వెళ్లింది. ఆ తరగతి పిల్లలు అప్పటికి హైస్కూల్‌కి వచ్చేసి ఉంటారు. అన్నేళ్లూ రెండు వైపులా లాయర్లు పనిచేస్తూనే ఉన్నారు. నాకైతే ఈ కేసు గుర్తొస్తే బాధగా ఉంటుంది.

న్యూజెర్సీ నాన్న:
క్షమించాలి, ఈ చర్చ నడుస్తున్న తీరు నాకు నచ్చడం లేదు. హక్కులకి ధర కడుతున్నట్టుంది. మా అమ్మాయి బొట్టు పెట్టుకుని వెళ్తుంది. మా అన్నగారి అబ్బాయి ఒడుగు అయ్యాక గుండుతో, జంధ్యంతో జిమ్ క్లాసుకి వెళ్లాడు, ఎవరూ ఏమీ అనలేదు. అలా అనకుండా ఉండడానికి కారణం ఈ పాలసీలే. మా రాష్ట్రంలో మతపరమైన పండుగల జాబితా స్టేట్ బోర్డే ఇస్తుంది. ఆ రోజు రాకపోతే అటెండెన్స్ అవార్డు కూడా పోకూడదని చట్టం. పరీక్ష మళ్లీ పెట్టడానికి టీచర్‌కి శ్రమే, కాదనను. ఆ శ్రమ వద్దంటే ముందు నష్టపోయేది మనలాంటివాళ్లే.

నార్త్ టెక్సస్ అమ్మ:
నాన్నగారూ, హక్కు వద్దని నేను అనలేదండి. ఖర్చు ఉంటే ఉందని రాయమంటున్నాను. రాస్తేనే కదా దానికి డబ్బు కేటాయించమని అడగగలం.

ఒహాయో టీచరమ్మ:
నేను మిడిల్ స్కూల్‌లో పాఠాలు చెబుతాను. ఇక్కడ రెండు రకాలున్నాయి, విడదీసి చూడాలి.

పిల్లలు తమంతట తాము చేసుకునేది దాదాపు ఉచితం. లంచ్‌లో కళ్లు మూసుకుని ప్రార్థించే పిల్ల ఉంది, రంజాన్‌లో లైబ్రరీలో కూర్చునే పిల్లాడు ఉన్నాడు. సెప్టెంబర్‌లో ఒక పొద్దున జెండా స్తంభం దగ్గర చేరి ప్రార్థన చేసుకునే గుంపు ఉంది. దానికి మాకు పైసా ఖర్చు లేదు. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం కింద హైస్కూళ్లలో పెట్టుకునే మతపరమైన క్లబ్బులు కూడా అంతే. ఒక టీచర్ గదిలో ఉంటుంది, పాల్గొనదు.

స్కూల్ టైమ్‌టేబుల్‌ని కదిలించేది మాత్రం ఖరీదైనది. 2025 జనవరిలో మా గవర్నర్ సంతకం చేసిన హౌస్ బిల్ 8 ప్రకారం, పిల్లల్ని బడి వేళల్లో బయట మతబోధకి పంపే పాలసీ ప్రతి డిస్ట్రిక్టూ పెట్టాల్సిందే. ప్రభుత్వ డబ్బు ఖర్చు పెట్టకూడదు, సిబ్బంది ఆ బోధనలో ఉండకూడదు అని కూడా చట్టంలో ఉంది. 1952లో సుప్రీంకోర్టు జోరాక్ కేసులో ఒప్పుకున్నదీ ఈ షరతులతోనే. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. నా గదిలో ఏం జరుగుతుందంటే, పీరియడ్ మొదట్లో కొందరు బస్సెక్కడానికి వెళ్తారు, నేను తలుపు దగ్గర పేర్లు టిక్ పెడతాను. మిగిలినవాళ్లకి కొత్త పాఠం చెబితే వెళ్లినవాళ్లు వెనకబడతారని ఆ రోజు రివిజనే చేయిస్తాను. వెళ్లనివాళ్లు "మేమేం చేయాలి టీచర్" అని వర్క్‌షీట్ పట్టుకుని కూర్చుంటారు. తిరిగొచ్చినవాళ్లని ఆఫీసులో మళ్లీ లెక్క పెట్టాలి, ఒకరు తక్కువైతే ఫోన్లు చేయాలి. ఆ వర్క్‌షీట్ పట్టుకున్న పిల్లలు పోగొట్టుకున్న పాఠానికి ఏ పద్దూ లేదు రావు గారూ.

పద్దుల రావు:
లేదు టీచరమ్మా, ఉండాల్సింది.

పండుగల మాట వచ్చింది కాబట్టి టెక్సస్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఒక విషయం. ఇక్కడ స్కూళ్లకి రాష్ట్రం డబ్బు రోజువారీ హాజరు సగటును బట్టి వస్తుంది. పిల్ల సంక్రాంతికో ఉగాదికో మానేసి ఊరికే "ఆబ్సెంట్" అయితే ఆ హాజరు పోయినట్టే. అదే, మతపరమైన పండుగ అని ముందుగా ఉత్తరం ఇచ్చి, మిస్సయిన పని పూర్తి చేస్తే, చట్టం ప్రకారం ఆ రోజు హాజరైనట్టే లెక్క. పండుగకి ప్రయాణం చేసిన రోజుకి కూడా ఇది వర్తిస్తుంది. చాలామంది "జ్వరం" అని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. మీ హక్కూ నిలుస్తుంది, బడికి రావాల్సిన డబ్బూ వస్తుంది.

న్యూజెర్సీ నాన్న:
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా రాసేవాణ్ణి కాదు. టెక్సస్‌లో మా చెల్లెలికి ఇప్పుడే పంపాను.

కేసు ఫైలు:
ఇంకో ఖర్చు గురించి ఎవరూ రాయలేదు. తలుపు తీస్తే అందరికీ తీయాలి. ఫ్లోరిడాలో ఆరెంజ్ కౌంటీ స్కూళ్లు 2013లో బైబిళ్లు పంచడానికి ఒప్పుకున్నాయి. నాస్తికులు మావీ పంచుతామన్నారు, ఆ తర్వాత సాతాను పేరు పెట్టుకున్న సంస్థ పిల్లల రంగుల పుస్తకంతో వచ్చింది. 2015లో బోర్డు అసలు పంపకాలే ఎత్తేసింది. పెన్సిల్వేనియాలో సాకన్ వ్యాలీ డిస్ట్రిక్ట్ అదే సంస్థ పెట్టుకున్న ఆఫ్టర్ స్కూల్ క్లబ్బుకి గది ఇచ్చి, గొడవలు మొదలవగానే వెనక్కి తీసుకుంది. 2023లో 2 లక్షల డాలర్ల లాయర్ ఫీజుతో రాజీ పడింది. ఆ క్లబ్బంటే నాకూ ఇష్టం లేదు. అయినా ఇష్టాన్ని బట్టి గదులివ్వడం మొదలుపెడితే బిల్లు పిల్లల డబ్బులోంచే కడతారు.

అందుకే స్కూల్ కార్యక్రమాల్లో మాట్లాడే పిల్లల్ని ఎంచే పద్ధతి కూడా కీలకం. టెక్సస్ 2007 చట్టం ప్రకారం ప్రతి డిస్ట్రిక్ట్‌కీ ఒక పాలసీ ఉండాలి. గ్రాడ్యుయేషన్ లాంటి చోట మాట్లాడే పిల్లల్ని మతంతో సంబంధం లేని ప్రమాణాలతో ఎంచాలి, వాళ్ల మాటలు స్కూల్ మాటలు కావని చెప్పాలి. 2000లో సుప్రీంకోర్టు తేల్చిన టెక్సస్ శాంటా ఫే స్కూళ్ల కేసులో ఫుట్‌బాల్ ఆటల ముందు ప్రార్థన ఎందుకు పోయిందో చదివితే తెలుస్తుంది. ప్రార్థన పెట్టాలా వద్దా అన్నది పిల్లల ఓటుకి వదిలి, మైకు మాత్రం స్కూల్ చేతిలోనే ఉంచుకున్నారు. ఎంపిక నియమం ఒక పేజీలో స్పష్టంగా ఉండి, ప్రిన్సిపాళ్లందరూ ఏడాదికోసారి కూర్చుని చదువుకుంటే సగం ఈమెయిళ్లు లాయర్ దాకా వెళ్లవు. ఆ ఒక్క పూట శిక్షణకి అయ్యే ఖర్చు నేను చూసిన ఏ సెటిల్‌మెంట్‌తో పోల్చినా చాలా చిన్నది.

నార్త్ టెక్సస్ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. మీటింగులో జనం మాట్లాడే పబ్లిక్ కామెంట్ సమయంలో ఇవి అడుగుదామనుకుంటున్నాను: రెండు గదుల్లో ఎవరు నిలబడతారు, వాళ్లు అప్పుడు మామూలుగా చేసే పని ఎవరు చేస్తారు, ఫారాలు ఎవరి దగ్గర ఉంటాయి. రావు గారూ, ఇంకేమైనా చేర్చాలా?

పద్దుల రావు:
ఒకటి చేర్చండి. పోయిన రెండేళ్లలో మతానికి సంబంధించిన ప్రశ్నల మీద లాయర్‌కి ఎంత కట్టారో అడగండి. ఇన్వాయిస్‌లో వివరాలు నల్లగా కొట్టేసి ఇచ్చినా మొత్తం తెలుస్తుంది. మీటింగులో చెప్పకపోతే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిక్వెస్ట్ రాతపూర్వకంగా పెట్టండి, ఈమెయిల్ చాలు. మాట్లాడాలంటే పేరు ముందే నమోదు చేయాలి, కొన్ని బోర్డులు ఆ రోజు మధ్యాహ్నమే లిస్టు మూసేస్తాయి, చూసుకోండి.

ఒహాయో టీచరమ్మ:
వీలైతే ఒక టీచర్‌ని కూడా వెంట తీసుకెళ్లండి. గదిలో ఏం జరుగుతుందో బోర్డుకి చెప్పగలిగేది వాళ్లే.