మెర్కాప్టోప్యూరిన్ మోతాదు, జన్యు పరీక్ష: తెలిసినవారి సలహా కావాలి

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సరుకు విశాఖపట్నంలో చికిత్స పొందుతున్న నా మేనల్లుడికి ఆరేళ్లు; ఇప్పుడు మెయింటెనెన్స్ దశలో (జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం మందు కొనసాగించే దశ) రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర ఇంటి దగ్గరే వేస్తున్నాము. మాత్ర మొదలుపెట్టిన ప్రతిసారీ తెల్లరక్తకణాలు బాగా పడిపోయి, జ్వరం వచ్చి, మందు ఆపవలసి వస్తోంది.

టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 అనే జన్యువులలో కొన్ని మార్పులు ఉన్నవారిలో ఈ మందు నుంచి తయారయ్యే క్రియాశీల పదార్థాలు పేరుకుపోయి, రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జను అణచివేస్తాయని, తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన టీపీఎంటీ రెండు ప్రతులూ పనిచేయని పిల్లలకు మామూలు మోతాదులో పదోవంతుతోనే మొదలుపెట్టి, అదీ వారానికి మూడు రోజులే ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎన్‌యూడీటీ15 మార్పులు యూరప్ వారికంటే ఆసియా వారిలో ఎక్కువ కనుక, టీపీఎంటీ ఒక్కటే చూసి సరిపెట్టడం మన పిల్లలకు చాలదని నా గట్టి అభిప్రాయం.

రెండు జన్యువులనూ కలిపి చూసే ల్యాబు విశాఖలో గానీ బరంపురంలో గానీ ఉందా, లేక నమూనాను హైదరాబాదుకు పంపాలా? బాబుకు ఈమధ్యనే రక్తం ఎక్కించారు. అలాంటప్పుడు ఎర్రరక్తకణాలలో టీపీఎంటీ జన్యువు తయారుచేసే ఎంజైమును కొలిచే పరీక్ష దాత రక్తం వల్ల తప్పుదోవ పట్టించవచ్చు కాబట్టి, జన్యు పరీక్షే అడగాలనుకుంటున్నాము. ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఆంధ్రాలో చేయించే ఈ పరీక్షకు వర్తిస్తుందా?

మోతాదు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుందేమోనని మా చెల్లెలు భయపడుతోంది. నిర్ణయం వైద్యులదే, అయితే ఇలా తగ్గించిన మోతాదుతో చికిత్స పూర్తిచేసిన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, దయచేసి ఆమెకు నాలుగు మాటలు రాయండి.